అవతలి మూల నుంచి జవాబు

సాయంత్రం నాలుగూ నలభైకి ప్రొద్దుటూరు బస్టాండులో ముద్దనూరు బస్సు కదిలింది. మా అన్న కిటికీ పక్క సీటు నాకిచ్చి తను ఇవతల కూర్చున్నాడు. ఒళ్లో గుడ్డసంచి ఉంది. అందులో ఒక లుంగీ, ఒక టవలు, పళ్లపొడి పొట్లం. కువైట్‌లో ఏళ్ల తరబడి డ్రైవరుగా పని చేసి వచ్చిన మనిషి, ఆ రాత్రి సొంత ఊళ్లో సొంత ఇంట్లో పడుకోవడానికి తీసుకుపోతున్నవి అంతే.

కండక్టరు వచ్చి ఎక్కడికని అడిగాడు. అన్న ఊరి పేరు చెప్పాడు. కండక్టరు చెవి దగ్గరకు వంచాడు.

"గట్టిగా చెప్పప్పా. మూతికి గుడ్డ కట్టుకున్నట్ల మాట్లాడతాండావు."

అన్న మళ్లీ చెప్పాడు. ఆ మాట కూడా నాకు వినపడింది గానీ వెనక సీటుకు వినపడి ఉండదు. కువైట్ పోకముందు ఇలా మాట్లాడేవాడు కాదు. తిరిగి వచ్చినప్పటి నుంచి ఇంట్లో మా అమ్మ కూడా అదే అంటోంది. "ఆ దేశం పోయి గొంతు ఆడ్నే ఇడిసిపెట్టి వచ్చినావు." అన్న నవ్వి ఊరుకునేవాడు. పెద్ద ఇంట్లో కారు డ్రైవరు గొంతు ఎవరికీ వినపడకూడదు, పిలిచినప్పుడు తప్ప మనిషి కూడా కనపడకూడదు, అని ఒకసారి నాతో చెప్పాడు. ఫిర్యాదుగా చెప్పలేదు. అక్కడి ఎండ గురించి చెప్పినట్లే చెప్పాడు.

మా ఊరు జమ్మలమడుగు దాటిన తర్వాత ముద్దనూరు దారిలో ఉంటుంది. నా చిన్నతనంలో ఆ ఊళ్లో రెండు పార్టీలు ఉండేవి. ఎన్నికల గుర్తులు మారినా, నాయకులు అటు వాళ్లు ఇటు, ఇటు వాళ్లు అటు మారినా, ఊళ్లో మాత్రం ఎవరు ఏ పార్టీ అన్నది ఇంటిని బట్టి ఉండేది. మా వీధి పొడవైనది. పై మూల ఇల్లు అవతలి పార్టీ వాళ్లది. కింది మూల ఇల్లు మాది. ఒక ఎన్నికల్లో మా నాయన బూత్‌లో ఏజెంటుగా కూర్చున్నాడు. తర్వాత గొడవలు ముదిరాయి. ఇళ్ల మీద బాంబులు పడ్డాయి. మా పార్టీ ఇళ్లు కొన్ని, వాళ్ల పార్టీ ఇళ్లు కొన్ని ఖాళీ అయ్యాయి. మేము ప్రొద్దుటూరు వచ్చి అద్దె ఇంట్లో చేరాం. నాయన ఒక నూనె మిల్లులో పనికి కుదిరి, ఆ పనిలో ఉండగానే జబ్బు చేసి పోయాడు. అన్న కువైట్ పోయాడు. నేను చదువులో పడ్డాను.

ఆ గొడవల కాలంలో మా ఊళ్లో ఒక పద్ధతి ఉండేది. దాన్ని ఎవరు పెట్టారో తెలియదు. పగలు ఎవరైనా ఊళ్లోకి రావచ్చు, పోవచ్చు. దీపాలు పెట్టిన తర్వాత వీధిలో అడుగు పెట్టే మనిషి, రాత్రికి ఊళ్లో ఉండాలనుకునే మనిషి మాత్రం వీధి రెండు కొసలా పాతిన బండరాళ్ల దగ్గర ఆగాలి. ఆగి, తను ఎవరి ఇంటి మనిషో, ఎందుకు వస్తున్నాడో పిలిచి చెప్పాలి. అదీ తన పార్టీ వాళ్ల మూలన కాదు, అవతలి పార్టీ వాళ్ల మూలన. అక్కడి నుంచి "పో" అని జవాబు వస్తే, తెల్లారేదాకా ఆ మనిషి మీద ఎవరూ చెయ్యి వెయ్యరు. జవాబు రాకపోతే వెనక్కి తిరగాలి. సొంత వాళ్లు "రా" అంటే దానికి విలువ లేదు. మేము అక్షరాల కంటే ముందు ఇది నేర్చుకున్నాం. జమ్మలమడుగు కాలేజీ నుంచి ఆలస్యంగా వచ్చిన రోజుల్లో నేను కూడా ఆ రాళ్ల దగ్గర నిలబడి పిలిచేదాన్ని.

అన్న వచ్చేసరికి బాంబులు ఆగిపోయి చాలా కాలమైంది. అయినా ఊరు విడిచిన ఇళ్లు తలుపులు తెరవలేదు. ఆ పద్ధతిని ఎవరూ ఎత్తెయ్యలేదు.

నేనప్పుడు పరిశోధన చేస్తున్నాను. గల్ఫ్ నుంచి తిరిగి వచ్చేవాళ్లను ఇళ్లకు చేర్చడానికి ప్రభుత్వాలు పెట్టిన పథకాలు జనం దాకా వచ్చేసరికి ఏమవుతున్నాయన్నది నా అంశం. కాగితాలు సరిగా లేనివాళ్లు శిక్ష లేకుండా తమ దేశం పోవచ్చని అక్కడి ప్రభుత్వం గడువు ఇస్తే, ఆ గడువులో మా జిల్లా నుంచి పోయినవాళ్లు చాలామంది వచ్చారు. మా అన్నా అలాగే వచ్చాడు. వాళ్లను విమానం ఎక్కించడం, ఇక్కడ దించడం, పని నేర్పించడం, వీటి గురించి ఉత్తర్వులు ఉన్నాయి. నేను వాటిని చదివాను. ప్రతిదాంట్లోనూ "స్వస్థలం" అనే మాట ఉంది. ఆ మాట ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో ఎవరూ రాయలేదు.

జమ్మలమడుగులో ఈ పని చూసే అధికారిని కలిసినప్పుడు అదే అడిగాను. మర్యాదస్తుడు. టీ తెప్పించాడు.

"ఎయిర్‌పోర్టులో దిగినారు. మండలానికి వచ్చినారు. ఇంక ఏం కావాలమ్మా మీకు?" అన్నాడు.

"ఇంట్లో ఉన్నారా లేదా అని చూస్తారా?"

"ఇంట్లోకి మేం ఎట్ల వస్తామమ్మా? ఆలుమగలు కొట్లాడుకుంటే కూడా మమ్మల్నే అడుగుతారా ఏంది?"

గదిలో ఉన్నవాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వాను. ఆయన లెక్కలో మా అన్న తిరిగి వచ్చినవాడు. నా లెక్కలో ఇంకా రాలేదు.

ఆ మొదటి సాయంత్రం మేం బస్సు దిగేసరికి పొద్దు వాలింది. ఊళ్లో దీపాలు పెట్టారు. వీధి పై మూలన ఆ రాళ్లు అలాగే ఉన్నాయి. పై మూల ఇంట్లో అవ్వ ఒక్కతే ఉంటోందని మాకు తెలుసు. ఆమె భర్త పోయాడు. కొడుకు కూడా కువైట్ పోయినవాడే. అక్కడ మా అన్నా అతనూ కొంతకాలం ఒకే గదిలో ఉన్నారు. ఇక్కడ ఎదురుపడితే తల తిప్పుకునే వాళ్లు అక్కడ ఒక పొయ్యి మీద సంగటి వండుకున్నారు. అతను అన్నకంటే ముందు తిరిగి వచ్చి, ఊరికి రాకుండా పులివెందులలో ఉండిపోయాడు.

అన్న రాళ్ల దగ్గర ఆగి చెప్పాడు. "నేను, కిందింటి వాళ్ల పెద్దోన్ని. ఇంటికి పోతాండా."

అరుగు మీద అవ్వ కూర్చుని ఉంది. తల ఎత్తలేదు. కాసేపు నిలబడ్డాం. అన్న ఇంకోసారి చెప్పాడు. అవ్వ లేచి లోపలికి పోయింది. మేం రోడ్డు మీదికి వచ్చి, ముద్దనూరు నుంచి తిరిగి వచ్చే అదే బస్సు ఎక్కాం.

"అన్నా, వాళ్ల కొడుకుతో కలిసి ఉన్నావని చెప్పరాదా? కొడుకు సంగతి వింటే ఆమె పలుకుతుంది" అన్నాను బస్సులో.

"చెప్పను."

"ఎందుకు?"

"అది చెప్పి పోతే వాని స్నేహితునిగా పోయినట్ల. నేను మా నాయన కొడుకుగా పోవల్ల. రేపు మళ్లీ వస్తా."

అలాగే మళ్లీ పోయాడు. ఆ తర్వాత కూడా పోయాడు. పగలు ప్రొద్దుటూరులో ఒక వ్యాపారి కారు నడిపేవాడు. సాయంత్రం ఆ బస్సు ఎక్కేవాడు. ఒకరోజు ఎండకు తల నొప్పి పెడుతుంటే మానుకోమన్నాను. వినలేదు. కండక్టరుకు అన్న అలవాటైపోయాడు.

"ఏమప్పా, ఈ పొద్దన్నా లోపల పండుకుంటావా, వాపస్ టికెట్ కూడా ఇప్పుడే కొట్టల్నా?"

"ఒకటే కొట్టు."

"నాదేం పోయింది. నువ్వు రోజూ వచ్చి పోతాంటే మాకే మంచిది మామా."

ఇంట్లో అమ్మ వేరే రకంగా అనేది. "రోజూ పోయి ఆ మూలింటామెకు దండం పెట్టి వస్తాండావా? ఆమె ఎవుర్రా మనల్ని రానిచ్చేదానికి? పోలీసోళ్లకు చెప్పుకుంటే వాళ్లే తీసకపోయి దిగబెడ్తారు."

"వాళ్లు దిగబెట్టి పోతారు మా. తర్వాత నేను ఉండల్ల గదా."

అమ్మకు ఆ మాట నచ్చలేదు. కానీ మర్నాడు సంచిలో రెండు జొన్నరొట్టెలు కట్టి పెట్టింది. ఊళ్లో ఇంట్లో తినడానికి. అవి చాలాసార్లు తిరుగు బస్సులోనే అయిపోయాయి.

నేను మా గైడుకు ఈ సంగతి చెప్పాను. ఆయన ఓపికగా విన్నారు. "మీ అన్నను మీ పరిశోధనలో పెట్టుకోవడం పద్ధతి కాదు" అన్నారు. అది నిజమే. నేను అన్నను పక్కన పెట్టాను. ఆ ప్రశ్నను మాత్రం వదలలేదు. ఆ తర్వాత కలిసిన ప్రతి మనిషినీ చివర ఒక మాట అడిగాను: దీపాలు పెట్టిన తర్వాత మీ ఊళ్లోకి ఎట్లా పోతారు?

దువ్వూరు దగ్గర ఒక ఆమె, గల్ఫ్‌లో ఇళ్లల్లో పని చేసి వచ్చినామె, నన్ను వింతగా చూసింది. "ఎట్ల పోతారేంది మేడమ్? నడ్సుకుంట పోతారు. కుక్క మొరుగుతాది. నేనేలే అంటే ఊరకుంటాది." ఇంకో ఊళ్లో ఒకాయన తల అడ్డంగా ఊపాడు. "మాపున పోను. తెల్లారి పోతా, పొద్దు మునగకముందే వచ్చేస్తా" అన్నాడు. ఆయన పేరు కూడా తిరిగి వచ్చినవాళ్లలోనే ఉంది. ఇలాంటి జవాబు చెప్పింది ఆయన ఒక్కడే కాదు.

పులివెందులలో మూలింటి అవ్వ కొడుకును కలిశాను. రోడ్డు పక్కన టైర్లకు పంచర్లు వేసే కొట్టు పెట్టుకున్నాడు. నేను ఎవరినో చెప్పగానే చేతిలో పని ఆపాడు. ఒక స్టూలు తుడిచి వేశాడు.

"మీ అన్న రోజూ పోతాండాడంట గదక్కా. మా యమ్మ ఫోన్లో చెప్పింది."

"మరి ఎందుకు పలకదు?"

"అది ఆమెను అడగల్ల." చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు. "నేను మాత్రం ఎట్ల పోయేది? నేను పోవల్లంటే మీ మూలన నిలబడి పిలవల్ల. మీ ఇంటికి తాళం ఏసుండాది. తాళాన్ని పిలవల్నా? అది పొమ్మంటాదా?"

నవ్వుతూనే అన్నాడు. నేను తిరుగు బస్సులో ఆ మాట గురించే ఆలోచించాను. మేం ఊరు వదిలినప్పుడు మా ఇల్లు ఒక్కటే మూతపడిందనుకున్నాను. నిజానికి కింది మూలే మూతపడింది. అవతలి పార్టీ నుంచి ఊరు విడిచినవాళ్లకు "పో" అని చెప్పేవాళ్లు లేకుండా పోయారు. పథకం ఒక్కొక్క మనిషినీ విడివిడిగా తెచ్చి దించుతుంది. మా ఊళ్లో ఒక మనిషి ఇంటికి రావాలంటే అతనికి సరిపడని మనిషి ఇల్లు తెరిచి ఉండాలి. నా సిద్ధాంత వ్యాసంలో నేను కొత్తగా చెప్పిన మాట ఏదైనా ఉంటే అది ఇదే. దాన్ని నాకు చూపించింది పులివెందులలో పంచర్ల కొట్టు.

ఆ వారమే ముద్దనూరులో నాకు పని పడింది. సాయంత్రం మా ఊరి దగ్గర దిగి అన్న కోసం రోడ్డు మీద ఆగాను. అన్న బస్సు దిగాడు. ఇద్దరం వీధి దాకా నడిచాం. గాలి లేదు. కరెంటు పోయి ఇళ్లల్లో దీపాలు పెట్టుకున్నారు. అన్న రాళ్ల దగ్గర ఆగి చెప్పాడు. అవ్వ అరుగు ముందు బర్రెను కట్టేస్తోంది. జవాబు లేదు. అన్న మళ్లీ చెప్పి, కాసేపు చూసి, వెనక్కి తిరిగాడు.

అప్పుడు అవ్వ బర్రెతో మాట్లాడటం మొదలుపెట్టింది.

"ఏమే, రోజూ ఎవురో వచ్చి గొణుగుతాండారు. నీకేమన్నా ఇనపడిందా? నాకైతే ఇనపడలా. వీధికి ఇనపడంది నాకెట్ల ఇనపడతాది?"

అన్న ఆగిపోయాడు.

"ఆ పోయిన కిందింటాయన పిలిస్తేనా, ఆ కొసన పిల్లోళ్లు నిద్దర్లో ఉలికిపడేటోళ్లు. దొంగోడు పిలిచినట్ల పిలిస్తే ఎవురు పలుకుతారే? నువ్వు పలుకుతావా? చెప్పు."

బర్రె తోక ఊపింది. అవ్వ మా వైపు చూడలేదు.

నాకు అప్పుడు అర్థమైంది. అన్నకు నాకంటే ముందే అయింది. మేమిద్దరం పద్ధతి గుర్తు పెట్టుకున్నాం గానీ అది ఎవరి కోసమో మరిచిపోయాం. పిలుపు మూలింటి కోసం కాదు, వీధి కోసం. ఆమె జవాబు కూడా వీధి తరఫున ఇచ్చేది. అన్న ఇన్నాళ్లూ ఆమె ఒక్కదానికి వినపడేలా, కువైట్‌లో యజమాని ముందు నిలబడి చెప్పినట్లు చెబుతూ వచ్చాడు.

అన్న మళ్లీ రాళ్ల దగ్గరికి పోయాడు. సంచి నాకిచ్చాడు. రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు. మొదటి మాట పగిలినట్లు వచ్చింది.

"నేను! కిందింటి పెద్దోన్ని!"

ఎక్కడో ఒక తలుపు గడియ తీసిన చప్పుడైంది.

"కువైట్ పోయి వచ్చినా! మా ఇంటికి పోతాండా! పండుకోడానికి పోతాండా! రేపు, ఎల్లుండి, మళ్లీ పోను, ఈడ్నే ఉంటా!"

వీధిలో ఇంకొన్ని తలుపులు తెరుచుకున్నాయి. మనుషులు గడపల్లో నిలబడ్డారు. లాంతర్ల వెనక ముఖాలు కనపడలేదు. ఎవరూ ఏమీ అనలేదు. అవ్వ బర్రె పలుపు ముడి వేసి, చేతులు దులుపుకుని, వీధంతా వినేలా అంది.

"పో. పోయి పండుకో."

మేం వీధి మధ్యలో నడిచాం. అన్న తొందరపడలేదు. నేను కూడా తొందరపడకుండా నడవడానికి ప్రయత్నించాను. ఇంటి తాళం తుప్పు పట్టి తిరగలేదు. ఎదురింటి ఆయన, చిన్నప్పుడు నేను మామా అని పిలిచిన మనిషి, సీసాతో శెనక్కాయ నూనె తెచ్చి తాళంలో పోశాడు. ఆ రాత్రి అమ్మ కట్టిన రొట్టెలు ఇంట్లో కూర్చుని తిన్నాం.

పొద్దున నేను పై మూలకు పోయాను. అవ్వ పాలు పితుకుతోంది. ముందే ఎందుకు చెప్పలేదని అడిగాను.

"చెప్తే నేనే పిలిచి రానిచ్చినట్ల గాదా? మెల్లగా అడిగినోనికి మెల్లగా సరే అంటే దొంగతనం. రేపు మా వాళ్లొచ్చి, ఎవుర్ని అడిగి రానిచ్చినావని కూచుంటే ఏం చెప్పల్ల? ఇప్పుడైతే అందరూ ఇన్నారు. ఎవురికి ఇష్టం లేకున్నా అప్పుడే అనల్ల. అన్లా."

"మరి రాత్రి చెప్పారు కదా?"

"నేను బర్రెతో మాట్లాడుకున్నా. నీకేం పని?" అంది. తర్వాత చెంబు నా చేతికిచ్చింది. "మీయన్నకు ఇయ్యి. టీ పెట్టుకోమను. ఇంగో మాట చెప్పు. మావోడు వచ్చినప్పుడు కింది మూలన మీయన్న పలకల్ల. గట్టిగా పలకల్ల."

అన్న గట్టిగానే పలికాడు. అప్పుడు నేను ఊళ్లో లేను. పులివెందుల నుంచి అతను వచ్చి కింది మూలన నిలబడి పిలిచినప్పుడు, అన్న చేతిలో ముద్ద పళ్లెంలో పెట్టేసి లేచాడని మా అమ్మ చెప్పింది. ఆమె కూడా అప్పటికి ఊరికి వచ్చేసింది.

నా వ్యాసంలో ఈ పద్ధతి గురించి ఒక అధ్యాయం రాశాను. మా ఊరి పేరు గానీ, అన్న సంగతి గానీ అందులో లేవు. విధానాల మీద పరిశోధనలో దీనికి చోటెక్కడిదని గైడు అడిగారు. దీన్ని తీసేస్తే మిగిలినదానికి చోటెక్కడిదో నాకు తెలియదన్నాను. రెండుసార్లు తీసేయమన్నారు. రెండుసార్లూ అలాగే ఉంచి మళ్లీ పంపాను. చివరకు ఒప్పుకున్నారు. ఆ అధ్యాయం చదివి ఏ ఉత్తర్వూ మారలేదు. అది నేను ఆశించనూ లేదు.

అన్న ఆ ఇంట్లోనే ఉన్నాడు. చేను చేసుకున్నాడు, పప్పుశెనగ వేశాడు, పెళ్లి చేసుకున్నాడు, పిల్లల్ని బడికి పంపాడు. గొంతు పూర్తిగా తిరిగి వచ్చింది. ఇంట్లో పిలిస్తే చేను గట్టు దాకా వినపడేదని వదిన విసుక్కునేది. అవ్వ అన్నకంటే చాలా ముందు పోయింది. అన్న నిరుడు గుండె ఆగి పోయాడు. పొలం నుంచి వచ్చి నీళ్లు అడిగాడట. వదిన చెంబు తెచ్చేసరికే అయిపోయింది.

పెద్దకర్మ నాటి సాయంత్రం నేను కింది మూల అరుగు మీద కూర్చున్నాను. కరెంటు దీపాలు వెలిగాయి. రెండు పార్టీల వాళ్లూ మోటారు సైకిళ్ల మీద వచ్చారు. వీధి మొదటి నుంచి నేరుగా ఇంటి ముందుకు వచ్చి బండ్లు ఆపి, వదినను పలకరించి పోయారు. పై మూల అవ్వ కొడుకు చివరకు వచ్చాడు. ఇప్పుడు ముసలివాడు. ఆయనా నేరుగానే వచ్చాడు. నా పక్కన కూర్చున్నాడు. రోడ్డు వేసినప్పుడు ఆ బండరాళ్లు తీసేశారు. దీపాలు పెట్టిన తర్వాత మా వీధి మొదట్లో ఇప్పుడు ఎవరూ ఆగి పిలవరు.